గడ్డివామిలో బరిసె

1946 జనవరి 12. గుంటూరు జిల్లాలో జరిగిన జంట హత్యల కేసులో పట్టుబడ్డ ముద్దాయి ఒకడు పోలీసు అధికారి ముందు చెప్పినట్టుగా ఒక వాంగ్మూలం కాగితం మీదికెక్కింది. పద్నాలుగు రోజుల కిందట పొద్దు గుంకే వేళ తానూ తన పార్టీ వాళ్లూ పులిపాడు చెరువు మూల కాపు వేశామనీ, ఇద్దరిని కొట్టి చంపామనీ, మిగిలినవాళ్లు పారిపోయారనీ అందులో ఉంది. చేతులకు దెబ్బలు తగిలిన తమవాడొకడు తన బరిసెను ఇతని చేతికిచ్చాడట. దాన్నీ తన కర్రనూ ఊళ్లో ఒకాయన గడ్డివామిలో దాచానన్నాడు. వస్తే చూపిస్తానన్నాడు. ఫలానావాడు పురమాయిస్తేనే ఇదంతా చేశామన్న మాటతో కాగితం ముగిసింది.

ఆ కాగితం గుంటూరు సెషన్స్ కోర్టు నుంచి మద్రాసు హైకోర్టుకూ, అక్కణ్నుంచి సముద్రం దాటి లండన్‌లో ఉన్న అప్పటి చివరి అప్పీలు కోర్టు ప్రీవీ కౌన్సిల్‌కూ వెళ్లింది. అదే ఏడాది డిసెంబరు 19న సర్ జాన్ బ్యూమాంట్ వెలువరించిన తీర్పు పులుకూరి కోటయ్య కేసు పేరుతో ఇవాళ్టికీ దేశంలోని క్రిమినల్ కోర్టుల్లో వినిపిస్తూనే ఉంది. లా చదివిన ప్రతివాళ్లకూ ఆ పేరు కంఠతా వచ్చు. అది గుంటూరు జిల్లా ఊరి పేరంటాల్లో, పొలం గట్ల మీద వినబడే పేరేనని ఢిల్లీలోనో కోల్‌కతాలోనో దాన్ని రోజూ వల్లించే లాయర్లలో ఎందరికి తెలుసో మరి.

తెలుగు సినిమాలో అయితే సీఐ గారు లాకప్‌లోకి వెళ్లి తలుపు వేసుకుంటారు, నాలుగు దెబ్బలు వినబడతాయి, దొంగ నిజం కక్కేస్తాడు, కథ కంచికి పోతుంది. చట్టంలో అలా కుదరదు. పోలీసు అధికారితో చెప్పిన నేరాంగీకారం ముద్దాయి మీద సాక్ష్యంగా చెల్లదు. కొట్టారా లేదా అన్న విచారణ కూడా అక్కర్లేదు, పోలీసుతో చెప్పాడన్న ఒక్క కారణం చాలు. తెల్లవాళ్లు తమ సొంత ఇంగ్లండులో ఇంత కచ్చితమైన నిషేధం పెట్టుకోలేదు. ఇష్టపూర్వకంగా చెప్పినదైతే అక్కడ పోలీసుతో చెప్పినా చెల్లుతుంది. ఇండియాకు మాత్రమే ఈ ప్రత్యేకత ఎందుకు వచ్చిందో తెలియాలంటే గడ్డివామి దగ్గర్నుంచి ఇంకో తొంభై ఏళ్లు వెనక్కి, ఈస్టిండియా కంపెనీ కాలపు మద్రాసుకు వెళ్లాలి.

1816లో మద్రాసు ప్రెసిడెన్సీలో వచ్చిన రెగ్యులేషన్లు పోలీసు పనిని రెవెన్యూ వాళ్ల చేతిలో పెట్టాయి. జిల్లాలో కలెక్టరే మేజిస్ట్రేటు. తాలూకాలో తహసీల్దారే పోలీసు పెద్ద. ఊళ్లో మునసబు. శిస్తు వసూలు చేసేదీ, దొంగల్ని పట్టేదీ, ఫిర్యాదు వినేదీ ఒకే వ్యవస్థ, చాలాసార్లు ఒకే మనిషి. శిస్తు కట్టలేదని ఎండలో నిలబెట్టిన బంట్రోతే రేపు దొంగసొత్తు ఎక్కడ దాచావని అడగడానికి వస్తాడు. అతని మీద చెప్పుకోవాలంటే మళ్లీ అతని పైవాడి దగ్గరికే పోవాలి. కలెక్టరు దొర కచేరీ చూస్తే యాభై అరవై మైళ్ల దూరం.

ఈ సంగతి లండన్ దాకా చేరడంలో ఒక తెలుగు వర్తకుడి చెయ్యి ఉంది. మద్రాసులో నీలిమందు, గుడ్డల వ్యాపారంలో గడించిన గాజుల లక్ష్మీనరసు శెట్టి 1844లో ‘క్రెసెంట్’ పత్రిక పెట్టాడు, 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషన్ స్థాపించాడు. ఆ సంఘం పార్లమెంటుకు పంపిన మహజరులో రైతుల మీద జరిగే చిత్రహింసలూ చోటు చేసుకున్నాయి. హెన్రీ డాన్బీ సేమోర్ అనే పార్లమెంటు సభ్యుడు 1853లో మద్రాసు వస్తే శెట్టి గారు ఆయన్ని వెంటబెట్టుకుని జిల్లాలు తిప్పాడు. 1854 జులైలో ఆ సేమోరే కామన్స్ సభలో లేచి మద్రాసులో శిస్తు కోసం జనాన్ని హింసిస్తున్నారని అన్నప్పుడు కంపెనీ పెద్దలు ఉలిక్కిపడ్డారు. అబద్ధమన్నారు. అబద్ధమని తేల్చడానికైనా విచారణ తప్పదు కదా. మద్రాసు ప్రభుత్వం ముగ్గురితో ఒక కమిషన్ వేసింది: మద్రాసు పోలీసు మేజిస్ట్రేటు ఇలియట్, కంపెనీ అధికారి స్టోక్స్, బారిస్టరు జాన్ బ్రూస్ నార్టన్. ముందు శిస్తు హింసల వరకే చూడమన్నారు. తర్వాత పోలీసు హింసలనూ వాళ్ల పరిధిలోకి తెచ్చారు.

కంపెనీ పెద్దలు ఊహించింది ఒకటి, జరిగింది ఒకటి. 1,959 ఫిర్యాదులు వచ్చాయి. అందులో 519 మంది కమిషన్ ముందుకు స్వయంగా వచ్చి నిలబడ్డారు. రైలు లేదు, దారిబత్తెం ఇచ్చేవాడు లేడు, ఊరికి తిరిగి వెళ్తే అదే తహసీల్దారు ఎదురవుతాడు. అయినా వచ్చారు. ఈ ఒక్క సంగతి ముందు మిగతా లెక్కలన్నీ చిన్నవే.

1855 ఏప్రిల్‌లో ఇచ్చిన నివేదికలో హింసల జాబితా ఉంది. కిట్టి అనేది రెండు కర్రలు. ఒక కొసన కట్టేసి, మధ్యలో చేతివేళ్లో మరో సుకుమారమైన భాగమో పెట్టి, నిమ్మకాయ పిండినట్టు నొక్కుతారు. మెడనూ కాలి బొటనవేళ్లనూ తాడుతో కలిపి కట్టి, వంగినవాణ్ని వంగినట్టే ఎండలో ఉంచడం ఇంకొకటి. వీపు మీద రాయి పెట్టడం దానికి అదనం. కళ్లల్లో కారం. జుట్టు పట్టుకుని గేదె తోకకో గాడిద తోకకో కట్టడం. బొడ్డు మీద కుట్టే పురుగును వదిలి పైన కొబ్బరిచిప్ప బోర్లించడం. తిండీ నీళ్లూ నిద్రా లేకుండా చెయ్యడం మామూలు విషయాల కింద లెక్క. వీటిలో చాలావాటికి ఖర్చు లేదు, మరునాటికి గుర్తూ మిగలదు. మేజిస్ట్రేటు దగ్గరికి చేరేసరికి కనబడేది ఒప్పుకోలు కాగితం ఒక్కటే.

నివేదిక పెద్దమనిషి తరహాగా నడిచింది. తప్పంతా నల్ల ఉద్యోగులదనీ, తెల్ల దొరలకు ఇందులో పాలు లేదనీ తేల్చింది. శిస్తు ఎంత ఉండాలో నిర్ణయించిందెవరు, అంతా ముక్కుపిండి వసూలై తీరాలని తాఖీదులు పంపిందెవరు అన్న ప్రశ్న జోలికి అంతగా పోలేదు. రెండేళ్ల తర్వాత 1857 సెప్టెంబరులో, ఉత్తరాదిన సిపాయిల క్రూరత్వం గురించి ఇంగ్లండు పత్రికలు గగ్గోలు పెడుతున్నప్పుడు, కార్ల్ మార్క్స్ ‘న్యూయార్క్ డైలీ ట్రిబ్యూన్’లో ఈ మద్రాసు నివేదికనే తీసి చూపించి, ముందు మీ పాలన చేసిందేమిటో చూసుకోండని రాశాడు. గాజుల లక్ష్మీనరసు శెట్టి మొదలుపెట్టిన పని అంతదూరం పోయింది.

నివేదిక అడిగిన మార్పుల్లో ముఖ్యమైనది రెవెన్యూనూ పోలీసునూ విడదీయడం. 1859లో మద్రాసుకు విడిగా పోలీసు చట్టం వచ్చింది. 1861లో దేశమంతటికీ పోలీసు చట్టం వచ్చింది. చిత్రమేమిటంటే, అదే 1861లో వచ్చిన క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ పోలీసుతో చెప్పిన నేరాంగీకారం చెల్లదని 148వ సెక్షన్‌లో రాసింది. ఒక చేత్తో కొత్త పోలీసు దళాన్ని పుట్టించి, రెండో చేత్తో ఆ దళం పట్టుకొచ్చే ఒప్పుకోలును నమ్మొద్దని న్యాయమూర్తులకు చెప్పారన్నమాట. పాత బంట్రోతులే కొత్త యూనిఫాం వేసుకుంటారని చట్టం రాసినవాళ్లకు తెలియకేం.

జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్ 1872లో ఇండియన్ ఎవిడెన్స్ యాక్టు తయారు చేసినప్పుడు ఈ నియమాలను 25, 26, 27 సెక్షన్లలో కుదురుగా పేర్చాడు. 25 ప్రకారం పోలీసుతో చెప్పిన ఒప్పుకోలు చెల్లదు. పోలీసు కస్టడీలో ఉండగా ఎవరితో చెప్పినా, ఎదురుగా మేజిస్ట్రేటు ఉంటే తప్ప చెల్లదని 26 అంటుంది. పోలీసులు ఎందుకు కొడతారన్న విషయం మీద అనుభవజ్ఞుడైన ఒక సివిల్ అధికారి అన్న మాటను స్టీఫెన్ తర్వాత ఒక గ్రంథంలో చెప్పాడు. ఎండన పడి సాక్ష్యాల కోసం తిరగడం కన్నా, నీడపట్టున కూర్చుని ఎవడో అభాగ్యుడి కళ్లల్లో కారం రుద్దడం సుఖం కదా అన్నాట్ట ఆయన. పోలీసుల క్రూరత్వం గురించి ఎన్ని సిద్ధాంతాలు పుట్టినా, ఈ సోమరితనపు సిద్ధాంతానికి సాటిరాలేదు.

ఇక మిగిలింది 27. అసలు తిరకాసు అక్కడుంది.

తర్కం సులువుగానే ఉంటుంది. ముద్దాయి కొట్టించుకుని ఏదో ఒకటి చెప్పి ఉండొచ్చు, దాన్ని నమ్మలేం. కానీ ఫలానా చోట కత్తి పాతిపెట్టానని చెప్పి, అక్కడ తవ్వితే నిజంగా కత్తి దొరికితే? ఆ మేరకు అతను చెప్పింది నిజమేనని వస్తువే సాక్ష్యం చెప్పింది. కాబట్టి దొరికిన సంగతికి స్పష్టంగా సంబంధించినంత వరకు ఆ మాటను కోర్టు వినొచ్చు. కోర్టు భాషలో దీన్ని ‘రికవరీ’ అంటారు. తెలుగు జిల్లాల్లో దీనికో తంతు స్థిరపడింది. ఊరి పెద్దల్నో, ఒకప్పుడు కరణం మునసబులనో, ఇటీవల వీఆర్వోలనో మధ్యవర్తులుగా పిలుస్తారు. వాళ్ల ఎదుట ముద్దాయి చెప్పినట్టు పంచనామా రాస్తారు. అందరూ జీపులో బయల్దేరతారు. ముద్దాయి ముందు నడుస్తాడు, చూపిస్తాడు. వస్తువు తీస్తారు, గుడ్డలో చుడతారు, లక్క సీలు వేస్తారు, మధ్యవర్తులు సంతకాలు పెడతారు. కోర్టుకొచ్చాక అదే మధ్యవర్తి ‘నన్ను స్టేషనుకు పిలిచి సంతకం పెట్టమన్నారండీ, పెట్టాను’ అనేసే సందర్భాలూ కొల్లలు.

27వ సెక్షన్ తలుపు కొద్దిగా తెరిచి ఉంచింది. ఎంత కొద్దిగా అన్నదానిమీదే ప్రాణాలు ఆధారపడ్డాయి. ‘దొరికిన సంగతి’ అంటే వస్తువేనా? అయితే ఆ వస్తువు దేనికి వాడిందో చెప్పే మాట కూడా దానికి సంబంధించిందే కదా? మద్రాసు హైకోర్టు ఫుల్ బెంచి 1937లో అతప్ప గౌండన్ కేసులో దాదాపు అవునన్నది. వస్తువును నేరంతో ముడిపెట్టే మాట కూడా లోపలికి రావచ్చంది. లాహోరు, బొంబాయి హైకోర్టులు అప్పటికే ఇందుకు ఒప్పుకోలేదు. ఫలితంగా గుంటూరులో ఉరి వేయదగిన మాట లాహోరులో చెత్తబుట్టలోకి పోయేది.

గడ్డివామి కాగితం ఈ వాతావరణంలో కోర్టుకొచ్చింది. అదే కేసులో ఇంకో ముద్దాయి చెప్పినట్టుగా మూడే మూడు వాక్యాల వాంగ్మూలం ఉంది: ఫలానావాణ్ని బరిసెతో పొడిచాను, బరిసెను మా ఊళ్లో ఒక దొడ్లో దాచాను, ఆ చోటు చూపిస్తాను. మద్రాసు సంప్రదాయం ప్రకారం ఈ రెండు కాగితాలూ మొత్తంగా లోపలికొచ్చాయి.

ప్రీవీ కౌన్సిల్ పెన్సిలు పుచ్చుకుని వాక్యం వాక్యంగా కొట్టేసింది. రెండో కాగితంలో మొదటి వాక్యం చెల్లదు, తర్వాతి రెండూ చెల్లుతాయి. మొదటి కాగితంలో చెరువు మూల కాపు వేసింది పోయింది, కొట్టి చంపింది పోయింది, పురమాయించినవాడి పేరు పోయింది. మిగిలిందల్లా గడ్డివామిలో బరిసె, కర్ర దాచాను, వస్తే చూపిస్తాను అన్న ముక్క. తీర్పు చెప్పిన కారణం ఇది: ఇక్కడ బయటపడ్డ సంగతి బరిసె కాదు. బరిసెలు ఊళ్లో ఇంటికొకటి ఉండొచ్చు. అది ఆ చోట ఉందనీ, ఉన్నట్టు ఇతనికి తెలుసుననీ బయటపడింది, అంతే. ఆ బరిసెతో గతంలో ఎవరు ఎవర్ని పొడిచారన్నది ఇప్పుడు బయటపడిన సంగతి కాదు, అది విడిగా రుజువు కావాలి. ‘దీనితోనే చంపాను’ అన్న మాటను కూడా లోపలికి రానిస్తే, ఒప్పుకోలుకు ఏదో ఒక వస్తువును తగిలించడం పోలీసులకు చేతకాకపోదనీ, నిషేధం కాగితం మీదే మిగులుతుందనీ బ్యూమాంట్ ఆ తీర్పులో చురక వేశాడు. బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా పదమూడేళ్లు పనిచేసిన మనిషి, ఎలాంటి కాగితాలు కోర్టుకొస్తాయో ఎరగనివాడు కాదు.

ఆ కేసులో ఇంకో ఫిర్యాదూ ఉంది. సాక్షులు మొదట చెప్పిన మాటలు సర్కిల్ ఇన్‌స్పెక్టరు నోటుబుక్కులో ఉంటే, ఆ బుక్కు డిఫెన్సు చేతికి సకాలంలో అందలేదు. అది తప్పేగానీ, విచారణను రద్దు చేసేంత తప్పు కాదని తేల్చారు. ఒప్పుకోళ్లలో చెల్లని భాగాలు తీసేశాక మిగిలిన సాక్ష్యంతో శిక్షలు నిలుస్తాయో లేదో చూడమని కేసును తిరిగి మద్రాసు హైకోర్టుకు పంపారు.

స్వాతంత్ర్యం వచ్చాక 27 మీద అసలు దెబ్బ వేయబోయింది కూడా తెలుగువాడే. రాజమండ్రిలో పుట్టిన కోకా సుబ్బారావు 1954లో గుంటూరులో పెట్టిన ఆంధ్ర హైకోర్టుకు మొదటి ప్రధాన న్యాయమూర్తి. సుప్రీంకోర్టుకు వెళ్లాక, 1960లో ఉత్తరప్రదేశ్‌కు చెందిన దేవమన్ ఉపాధ్యాయ కేసు ఐదుగురు జడ్జీల బెంచి ముందుకొచ్చింది. హత్యాయుధాన్ని చెరువులో పారేశానని ముద్దాయి చెప్పాడు, చెరువులో దొరికింది. 27 రాజ్యాంగ విరుద్ధమని అలహాబాదు హైకోర్టు అంది. సుప్రీంకోర్టులో మెజారిటీ కాదంది. సుబ్బారావు ఒక్కడే అవునన్నాడు. ఆయన వాదన తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. స్వేచ్ఛగా తిరుగుతున్న మనిషి తనంత తాను స్టేషనుకొచ్చి కత్తి ఇక్కడుందని చెబితే 25 అడ్డొస్తుంది, ఆ మాట చెల్లదు. అదే మాట లాకప్‌లో ఉన్నవాడు చెబితే 27 పుణ్యాన చెల్లుతుంది. కొట్టే అవకాశం లేని చోట చెప్పింది పనికిరాక, కొట్టే అవకాశం ఉన్న చోట చెప్పింది పనికిరావడం ఏం సమానత్వం? స్వేచ్ఛగా ఉన్నవాడు వచ్చి చెప్పడం అరుదులెమ్మని మెజారిటీ సమాధానపడింది. మరుసటి ఏడాది పదకొండుగురు జడ్జీల బెంచి, ముద్దాయి చేత అతని మీదే సాక్ష్యం చెప్పించకూడదన్న రాజ్యాంగ నిషేధం, బలవంతం లేనంతవరకు 27కు అడ్డు కాదంది. కస్టడీలో ఉన్నంత మాత్రాన బలవంతం అయినట్టు కాదని కూడా అంది. లాకప్ ఎరిగినవాళ్లు ఈ చివరి మాటను నమ్మడం కష్టం.

తలుపును పూర్తిగా తెరిచిన కాలమూ వచ్చింది. ఉగ్రవాద కేసుల కోసం తెచ్చిన 1987 నాటి టాడా చట్టం 15వ సెక్షన్ ఎస్పీ హోదా ఉన్న పోలీసు అధికారి నమోదు చేసిన ఒప్పుకోలును సాక్ష్యంగా అంగీకరించింది. 1861 నుంచి నిలిచిన గోడ ఆ కేసుల వరకు కూలింది. 1994లో కర్తార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు మెజారిటీ దాన్ని సమర్థించింది. రాజీవ్ గాంధీ హత్య కేసులో చెన్నై టాడా కోర్టు 1998 జనవరిలో ఇరవై ఆరుగురికీ ఉరిశిక్ష వేసింది. మరుసటి ఏడాది సుప్రీంకోర్టు పంతొమ్మిది మందిని వదిలేసింది, నలుగురికి ఉరి ఖాయం చేసింది. ఆ నలుగురిలో ఒకడు పేరరివాళన్. అరెస్టయ్యేనాటికి పంతొమ్మిదేళ్లవాడు. రెండు తొమ్మిది వోల్టుల బ్యాటరీలు కొనిచ్చాడన్నది అతని మీద ప్రధాన ఆరోపణ. 2013లో, ఆ ఒప్పుకోలు రాసుకున్న సీబీఐ ఎస్పీ త్యాగరాజన్ రిటైరై బయటకొచ్చి ఒక మాట చెప్పాడు: ఆ బ్యాటరీలు దేనికో తనకు తెలియదని కూడా అతను చెప్పాడనీ, ఆ వాక్యాన్ని తాను రాయలేదనీ. ఇక్కడ కిట్టి లేదు, కారం లేదు. ఒక వాక్యం రాయకుండా వదిలేశారు. పేరరివాళన్ విడుదలకు సుప్రీంకోర్టు ఆదేశించింది 2022 మేలో.

మామూలు చట్టం కింద నడిచే కేసుల్లో కూడా ఒప్పుకోలు కోర్టు గడప తొక్కకముందే ఊరంతా తిరిగొస్తుంది. కమిషనరు గారి ప్రెస్ మీట్, వెనక ముసుగు వేసుకున్న నిందితుడు, నేరం ఒప్పుకున్నాడన్న ప్రకటన, మరునాడు పత్రికలో పతాక శీర్షిక. కోర్టులో నయాపైసా విలువ లేని ఈ మాట జనం మనసులో తీర్పై కూర్చుంటుంది. విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలో 2007 డిసెంబరులో హాస్టల్లో ఉంటున్న ఫార్మసీ విద్యార్థిని హత్య కేసులో ఇదే జరిగింది. ఎనిమిది నెలల తర్వాత పోలీసులు ఒక యువకుణ్ని చూపించారు. అసలు దోషి ఇతను కాదని చనిపోయిన అమ్మాయి తల్లిదండ్రులే మొత్తుకున్నారు. 2010లో విజయవాడ కోర్టు అతనికి శిక్ష వేసింది. కస్టడీలో ఉండగానే నరాల జబ్బు వచ్చి నడవలేని స్థితికొచ్చాడు. 2017 మార్చి 31న హైకోర్టు అతన్ని నిర్దోషిగా విడుదల చేసి, లక్ష రూపాయలు పరిహారం ఇమ్మంది, దర్యాప్తు చేసిన అధికారులను తప్పుబట్టింది. మరుసటి ఏడాది కేసు సీబీఐకి వెళ్లేసరికి, అప్పీలు తేలకముందే విజయవాడ కోర్టులో భద్రపరిచిన వస్తువులు ధ్వంసమైన సంగతి బయటపడింది. 2019 డిసెంబరులో తెనాలిలో అమ్మాయి అవశేషాలను వెలికితీసి మళ్లీ పోస్టుమార్టం చేశారు. పన్నెండేళ్ల తర్వాత ఆ కుటుంబం మరోసారి శ్మశానంలో నిలబడాల్సి వచ్చింది. తప్పుడు మనిషిని పట్టుకోవడం వల్ల జరిగే నష్టమంతా జైల్లో ఉన్నవాడొక్కడిదే అనుకుంటే పొరపాటు.

2024 జులై 1 నుంచి పాత ఎవిడెన్స్ యాక్టు పోయి భారతీయ సాక్ష్య అధినియమ్ వచ్చింది. 25, 26, 27 మూడూ కలిసి 23వ సెక్షన్ అయ్యాయి, సారం మారలేదు. రికవరీ వ్యవహారంలో నిజంగా మారింది ఆ పక్క చట్టంలో ఉంది. సోదానూ స్వాధీనాన్నీ వీడియో తీయాలని, క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన నాగరిక్ సురక్షా సంహిత 105వ సెక్షన్ ఆదేశించింది. సెల్‌ఫోనుతో తీసినా సరే. దానికి ముందే, 2020లో, ప్రతి పోలీసు స్టేషన్లో సీసీ కెమెరాలు పెట్టి తీరాలని సుప్రీంకోర్టు చెప్పింది. ఇప్పుడు ట్రయల్ కోర్టుల్లో డిఫెన్సు లాయర్లు అడుగుతున్న ప్రశ్నలు కొత్తవి: రికవరీ వీడియో ఏ క్షణంలో మొదలైంది, ముద్దాయి చూపుడువేలు ఎత్తినప్పుడా, జీపు ఎక్కినప్పుడా? అంతకు ముందు రాత్రి స్టేషన్ కెమెరా ఫుటేజీ ఏది?